చలి చూడని గోధుమ

మామిడి తోటలో గోధుమ వేసినవాణ్ణి ముసునూరు చుట్టుపక్కల ఎవరూ ఎరగరు. లేతతోట ఎదిగి నీడపట్టే దాకా మొక్కల మధ్య పెసరో, ఉలవో, వేరుశనగో వేసుకుంటారు. బసవపున్నారావు మాత్రం పటాలం నుంచి వచ్చేసిన ఏడాదే, ఎనభై అయిదు కార్తీకమాసంలో, చిన్నరసాల మొక్కల మధ్య నేల దున్నించి గోధుమలు చల్లాడు.

"ఏంట్రా ఇది? రొట్టెలు తినడం అలవాటైతే కొట్లో పిండి కొనుక్కోవచ్చుగా!" అన్నాడు అన్నగారు దశరథరామయ్య.

"చూద్దాంలే అన్నయ్యా" అని ఊరుకున్నాడు పున్నారావు.

ఆ గింజలు ఎక్కడివో అతని భార్య వరలక్ష్మికి కొంతవరకు తెలుసు. హిమాచల్ కొండల్లో ఆయన హవల్దారుగా ఉన్నప్పుడు రెడ్డిగూడెం కుర్రాడు రాయప్ప ఆయన కిందే పనిచేసేవాడు. అంత దూరంలో మన జిల్లా మాట వినపడితే చుట్టం దొరికినట్టే కదా. ఇద్దరూ ఒకే పొయ్యి దగ్గర అన్నం వండుకునేవారట. ఒకరోజు కొండచరియ మీదినుంచి మంచు జారి రాయప్పను తీసుకుపోయింది. ఆయన కాలివేళ్ళు రెండు మంచుకే పోయాయి. అక్కడి పల్లెలో వాళ్ళమ్మ కోసమని రాయప్ప అడిగి పుచ్చుకున్న గోధుమల సంచి మాత్రం ఈయన చేతిలో మిగిలింది. వచ్చీ రాగానే అందులో సగం గింజలు రెడ్డిగూడెం తీసుకెళ్ళి, రాయప్ప తల్లి రిబ్కమ్మ చేతిలో పోసి వచ్చాడు. మిగతా సగం పండించి, ఆ పంట తెచ్చి ఇస్తానని ఆమెకు మాటిచ్చాడు. వరలక్ష్మికి తెలిసింది అంతవరకే.

గోధుమ మొలిచింది. మొలవడమేమిటి, పుట్టినింటికొచ్చినట్టు పెరిగింది. సంక్రాంతి వెళ్ళేసరికి మొక్కకు పది పిలకలేసి, చాప పరిచినట్టు నేలంతా కమ్మేసింది. దారిన పోయేవాళ్ళు ఆగి మరీ చూశారు. దశరథరామయ్య కూడా "బానే ఉందిరోయ్" అన్నాడు. పున్నారావు ముఖంలో ఆ నాలుగు రోజులూ కాస్త వెలుగు కనబడింది వరలక్ష్మికి.

మాఘం పోయింది. గింజ పట్టాల్సిన వెన్ను తీయలేదు. పక్కన పెద్దతోటలో పూత పిందె కట్టింది, పిందె గోలీకాయంత అయింది. గోధుమ మాత్రం ఆకు మీద ఆకు వేస్తూ, నేలను అంటిపెట్టుకుని అలాగే ఉండిపోయింది. ఎరువు తక్కువైందేమోనని ఎరువు వేశాడు. నీరు ఎక్కువైందేమోనని నీరు ఆపాడు. ఇహ ఏమీ తోచక, పొద్దున్నే వెళ్ళి గట్టుమీద కూర్చునేవాడు. భోజనానికి పిలిస్తే ఒకసారి వచ్చేవాడు, ఒకసారి వచ్చేవాడు కాదు.

"వెన్ను రాని గడ్డి పశువులకేగా! కోసి గేదెలకేస్తే పాలన్నా ఇస్తాయి" అన్నాడు దశరథరామయ్య ఒకరోజు, మామూలుగానే.

ఆ వారంలోనే అన్నగారి గేదె ఒకటి తాడు తెంపుకుని వచ్చి గోధుమలో మూతి పెట్టింది. వరలక్ష్మి కేకలు విని పరుగెత్తేసరికి పున్నారావు కర్రతో దాన్ని బాదుతున్నాడు. గేదె గట్టు దాటి పారిపోతున్నా వదల్లేదు. కర్ర విరిగింది, విరిగిన ముక్కతోనే కొడుతున్నాడు. చీమను చూసి అడుగు పక్కకు వేసే మనిషి. దశరథరామయ్య వచ్చి రెండు చేతులూ పట్టుకుని ఆపితే, "అది వాడిదన్నయ్యా, మనది కాదు" అని అదే మాట మళ్ళీ మళ్ళీ అన్నాడు.

గేదె వీపు మీద వాతలకు పసుపు రాస్తూ తోడికోడలు ఏమీ అనలేదు. ఆ అనకపోవడమే వరలక్ష్మికి ఎక్కువ బాధనిపించింది.

మర్నాడు ఆమె గోధుమ దుబ్బు ఒకటి వేళ్ళతో సహా పెకలించి, తడిగుడ్డలో చుట్టుకుని నూజివీడు బస్సెక్కింది. అక్క కూతురు చదివే కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే శారద గారి పేరు ఆ పిల్ల నోట ఎప్పుడూ వినేది. ఆవిడ దగ్గరికే నేరుగా వెళ్ళింది. "మేడమ్ గారూ, ఇదెందుకు వెన్ను తీయట్లేదో చెప్పండి. మా ఇంటాయన దీనిమీదే బెంగపెట్టుకున్నారు" అని దుబ్బు బల్ల మీద పెట్టింది.

శారద గింజలు ఎక్కడివని అడిగింది. మంచు పడే ఊళ్ళవి అనగానే తల ఊపి, బ్లేడు తీసి, ఒక పిలకను మొదలుదాకా నిలువుగా చీల్చింది.

"ఇదిగో చూడండి. వెన్ను రావాల్సిన మొగ్గ ఇక్కడే, నేలమట్టంలోనే ఉంది. ఇంకా ఆకులే తయారుచేస్తోంది. దీనికి జబ్బేమీ లేదండీ, చలికాలం కోసం ఎదురుచూస్తోంది."

"చలికాలం వచ్చి వెళ్ళిపోయిందిగా అండీ?"

"మనకి. మీ మామిడికి పూత ఎప్పుడొస్తుంది?"

"పుష్యంలో నాలుగు రోజులు గట్టిగా చలి పడితే ఎగదన్నుకుని వస్తుంది. చలి లేని ఏడాది ఆకే వస్తుంది."

"మామిడికి మనూరి చలి చాలు. దీనికి చాలదు. మంచుకింద నెలలకొద్దీ పడుకుని లేస్తేగాని ఇది పూతకు రాదు" అని శారద కుర్చీ దగ్గరికి లాక్కుంది. "గడ్డిజాతులన్నిటి మొదలూ వెచ్చని చోట్లేనండీ. వాన పడితే మొలవడం, ఎదిగితే పూయడం, అంతే. కోట్ల ఏళ్ళ కిందట భూమి చల్లబడుతూ వచ్చింది. చలికాలాలు పెరిగాయి. ఆ చలిదేశాల్లో బతకాల్సొచ్చిన గడ్డిలో, వానాకాలం వెళ్ళాక ఇంకా ఎండ ఉంది కదా అని వెన్ను తీసినవి తీసినట్టే మంచుకి మాడిపోయాయి. గింజ పడలేదు. ఏదో ఒక మొక్క మందకొడిగా ఆగిపోయి ఉంటుంది. చలి వెళ్ళాక పూసింది, దాని గింజలు మిగిలాయి. వాటిలోనూ బాగా ఆగినవే మిగిలాయి. అలా ఎన్నో తరాలకి ఆగడమే దాని స్వభావం అయిపోయింది. ఇప్పుడు తెచ్చి మన ఎండలో పెట్టినా ఆ చలి తగలందే కదలదు."

"అంటే దానికి తెలుస్తుందా అండీ, మంచు వస్తుందని?"

"తెలియడం అంటూ ఏమీ లేదండీ. ఆగనివి మిగల్లేదు, అంతే."

"మరి మన వరి?"

"వరి వెచ్చని నీళ్ళు వదిలి వెళ్ళలేదు కదా. దానికి ఆ భయమే తెలియదు."

ఇక చేసేదేమీ లేదా అని అడిగింది వరలక్ష్మి. ఉందన్నది శారద. గింజలు నానబెట్టి, మొలక మోసు రాగానే నెలన్నర రెండు నెలలు ఐసు చలిలో ఉంచి, ఆ తర్వాత చల్లితే చలికాలం గడిచినట్టే లెక్క. అప్పుడైనా మన ఎండలు ముదిరేలోపు వెన్ను వస్తుందో రాదో పూచీ లేదు. "అసలు ఇంకా గింజలున్నాయా మీ దగ్గర?" అని అడిగింది.

లేవు. ఉన్నవన్నీ పున్నారావు చల్లేశాడు.

మధ్యాహ్నం ఇంటికొచ్చి, ఆయనకు అన్నం పెట్టి, విన్నది విన్నట్టు చెప్పింది. ఆయన ముద్ద కలుపుతూ వింటున్నాడు. తప్పు నేలది కాదు, మీది కాదు అని చెబితే మనసు తేలికపడుతుందని ఆమె ఆశ. "ఆగనివి మిగల్లేదట, అంతేనట" అనేసరికి ఆయన చెయ్యి కంచంలో అలాగే ఉండిపోయింది.

"ఆ ముసలమ్మ ఆగమంది లక్ష్మీ" అన్నాడు.

"ఏ ముసలమ్మ?"

"గోధుమలిచ్చిన ముసలమ్మ. ఆ రోజు మేం ఐదుగురం కిందికి దిగుతున్నాం. ఆవిడింట్లో టీ తాగాం. రాయప్ప వాళ్ళమ్మకి చూపిస్తానని గింజలడిగాడు. సంచిలో పోసిచ్చింది. ఇచ్చి, పొద్దెక్కింది, ఎండకి మంచు మెత్తబడింది, ఈ పూట వాగు దాటొద్దు, ఇక్కడే పడుకుని తెల్లారి మంచు గట్టిగా ఉండగా వెళ్ళండి అంది. రాయప్ప కూడా ఆగుదాం సార్ అన్నాడు." ఆయన కంచం పక్కకు జరిపాడు. "నాకు సెలవు శాంక్షనైంది. అన్నయ్య కూతురి పెళ్ళికి అందుకోవాలని. తెల్లారితే కింద బస్సు పోతుందని. నీకు భయమైతే ఉండిపో అన్నాను వాణ్ణి, అందరిముందూ. ఆ మాట పడ్డాక ఎవడు ఉంటాడు? వైర్‌లెస్ సెట్టు వాడి వీపు మీద ఉంది. బరువుగా ఉందని గోధుమ సంచి నా చేతికిచ్చి వెనకాల నడిచాడు. నేను దాటాను. వాడు దాటలేదు."

వరలక్ష్మికి ఆ పెళ్ళి గుర్తుంది. పెళ్ళికి ఆయన రాలేదనీ, ఆస్పత్రిలో ఉన్నాడనీ తెలిసి అందరూ ఏడ్చారు. బతికాడు కదా అని దేవుడికి దణ్ణం పెట్టుకున్నారు.

"రిబ్కమ్మకి తెలుసా?"

"ఎవరి చేతిలోనూ లేదని చెప్పాను. ఆఫీసర్లూ అదే రాశారు."

రిబ్కమ్మ దగ్గర ఆమెకిచ్చిన సగం గింజలున్నాయన్న మాట ఇద్దరికీ ఒకేసారి తట్టి ఉంటుంది. కానీ అది అడగాలంటే ఇది చెప్పాలి. చెప్పకుండా కూడా అడగొచ్చు, ఆమె ఇస్తుంది. వరలక్ష్మి ఆ మాట పైకి అనబోయి, ఆయన ముఖం చూసి మానేసింది. ఉన్నదున్నట్టు చెప్పేద్దాం పదండి అంది.

రెడ్డిగూడెంలో రిబ్కమ్మ ఇల్లు చర్చి వెనక ఉంది. వీళ్ళను చూడగానే ఆమె "రండి బాబూ, రండమ్మా" అని అరుగు తుడిచి చాప వేసింది. మనిషి సన్నగా, నిటారుగా ఉంది. మామిడికాయల కాలంలో తోటల్లో కోతకి వెళుతుంది. గోడకి రాయప్ప యూనిఫారంలో ఉన్న ఫోటో, దానిమీద ప్లాస్టిక్ పూలదండ. "మా వాడి గోధుమలు పండాయా అండీ?" అని ఆశగా అడిగింది.

పున్నారావు చాప మీద కూర్చోలేదు. నిలబడే చెప్పాడు. వరలక్ష్మికి చెప్పినట్టే, ఒక్క మాట తగ్గించకుండా చెప్పాడు. రిబ్కమ్మ చేతిలో చీపురు అలాగే ఉంది.

"వాడు అరిచాడా?" అంది చివరికి.

"లేదమ్మా. శబ్దమే లేదు. తిరిగి చూసేసరికి అంతా తెల్లగా ఉంది."

"ఎందుకు చెప్పావు నాకు?" అంది.

అంతవరకూ 'మీరు' అన్న మనిషి 'నువ్వు' అన్నదని వరలక్ష్మికి ఒక్క క్షణం ఆలస్యంగా తెలిసింది.

"దేవుడు తీసుకెళ్ళాడనుకుని ఇన్నాళ్ళూ ఎలాగో బతికాను. దేవుడితో దెబ్బలాడుకున్నాను, మళ్ళీ ఆయన కాళ్ళే పట్టుకున్నాను. ఇప్పుడు నువ్వొచ్చి నేను తీసుకెళ్ళానంటున్నావు. దీన్ని నేనేం చేసుకోను? ఎవరి కాళ్ళు పట్టుకోను? చెప్పి నీ బరువు దించుకున్నావు. వెళ్ళు బాబూ. వెళ్ళిపోండి."

గింజల మాట ఎవరూ ఎత్తలేదు. బస్సులో పున్నారావు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. నిజం చెబితే మంచి జరుగుతుందని తను ఎందుకనుకుందో వరలక్ష్మికి అర్థం కాలేదు. ఆ వేసవంతా ఆమెను ఆ ప్రశ్నే తినేసింది. రోహిణికార్తె ఎండకి గోధుమ దుబ్బులు నిలువునా ఎండిపోయాయి. ఒక్క వెన్నూ తీయకుండానే పోయాయి. పున్నారావు తోటవైపు వెళ్ళడం మానేశాడు.

దసరా ముందర ఒక మధ్యాహ్నం, రిబ్కమ్మ మేనల్లుడు సలోమోను వచ్చి గుమ్మం బయట నిలబడ్డాడు. మామిడికాయల లారీ నడుపుతాడు. లోపలికి రమ్మన్నా రాలేదు. మూత బిగించిన పాలపిండి డబ్బా వరలక్ష్మి చేతిలో పెట్టాడు.

"మా అత్త ఇమ్మందండి. గింజలేం చేశాయి, పాడైపోతాయి, వేసుకోమనండి అంది."

"ఇంకేమన్నా అందా?"

"అంతేనండి" అని వెళ్ళిపోయాడు.

హనుమాన్ జంక్షన్ దాటాక సత్యనారాయణమూర్తి గారికి ఐసు ఫ్యాక్టరీ ఉంది. సోడా కొట్లకి, చేపల బుట్టలకి అక్కడినుంచే ఐసు వెళుతుంది. కోమటివారి మనిషి, మాటకారి. సంగతి విని నవ్వాడు. "చేపల్ని ఐసులో పెట్టడం చూశాం, గోధుమల్ని పెట్టడం ఇదే చూడ్డం. పెట్టుకోండి, దిమ్మల పక్కన మూల ఖాళీగానే ఉంది" అన్నాడు.

మోసులెత్తిన గింజలు తడి గోనెలో పరిచి డబ్బాలో సర్దారు. ఐసు గది తలుపు తీయగానే తెల్లటి ఆవిరి బయటికొచ్చి కాళ్ళను చుట్టుకుంది. పున్నారావు గడప మీద ఆగిపోయాడు. ఒక కాలు లోపల పెట్టాడు. పెట్టిన కాలు వణకడం మొదలెట్టి, ఆ వణుకు మోకాలికి, నడుముకి, దవడకి ఎక్కింది. సత్యనారాయణమూర్తి "అయ్యో అయ్యో" అంటూ పట్టుకున్నాడు. వరలక్ష్మి ఆయన చేతిలోంచి డబ్బా తీసుకుని, కొంగు భుజాల నిండా కప్పుకుని, తనే లోపలికి నడిచింది.

ఆ తర్వాత ప్రతి వారం తనే వెళ్ళేది. గోనె తడి చూసి, బూజు పట్టినవి ఏరేసి, మిగతావి కదిపి పెట్టేది. చలికి వేళ్ళు కొంకర్లుపోయేవి. ఈ గదిలో కాసేపుంటేనే ఇలా ఉంటే, ఆ కుర్రాడు ఎంతసేపు తెలివితో ఉన్నాడో అన్న ఆలోచన వచ్చేది. వద్దనుకున్నా వచ్చేది. పున్నారావు బయట సోడా పెట్టెల మీద కూర్చుని ఉండేవాడు. వచ్చాక ఆమె చేతులు తన చేతుల్లోకి తీసుకుని రుద్దేవాడు.

కార్తీకంలో వాయుగుండం పట్టింది. స్తంభాలు పడిపోయి మూడురోజులు కరెంటు లేదు. బస్సులు తిరిగాక వెళ్ళి చూస్తే ఐసు దిమ్మలు కరిగి గది నిండా నీళ్ళు. డబ్బా మూత తీయగానే పులిసిన వాసన కొట్టింది. చాలా గింజలు మెత్తబడి నల్లగా అయిపోయాయి. వరలక్ష్మి ఐసు ఫ్యాక్టరీ వరండాలో చతికిలబడి ఒక్కో గింజా ఏరింది. బాగున్నవి ఒక గుప్పెడు తేలాయి. ఫ్యాక్టరీ మళ్ళీ నడిచాక ఆ గుప్పెడినీ ఇంకొన్నాళ్ళు చలిలో ఉంచి, మార్గశిరంలో తోటలో చిన్న మడి చేసి నాటింది. పున్నారావు నీళ్ళు పెట్టాడు.

శివరాత్రి వెళ్ళిన పదిరోజులకు ఒక మొక్క కాండం సాగింది. తర్వాత ఇంకొకటి. ఫాల్గుణం మధ్యకి పిడికెడు వెన్నులు పైకొచ్చాయి, మీసాలతో, పొట్టిగా. మిగతా మొక్కలు నిరుడులాగే ఆకుతోనే ఉండిపోయాయి. కరెంటు పోయిన వేడికి వాటి చలి లెక్క తప్పి ఉంటుందన్నది శారద. వచ్చిన వెన్నులకీ అప్పటికే వడగాలి తగులుతోంది.

"వచ్చాయి కదండీ" అంది వరలక్ష్మి.

"వచ్చాయి" అన్నాడాయన. ఆ మాటలో ఆమె వెతికిన ఊరట లేదు.

వెన్నులొచ్చాయని సలోమోనుతో కబురు పంపింది వరలక్ష్మే. రిబ్కమ్మ వస్తుందని అనుకోలేదు. వారం తిరక్కుండా ఒక ఉదయం ఇద్దరూ తోట గేటు దగ్గర బస్సు దిగారు. దశరథరామయ్య ఎవరో చూద్దామని వచ్చి, వరలక్ష్మి చెప్పగానే తలపాగా తీసి చేతిలో పట్టుకుని పక్కకు తప్పుకున్నాడు.

రిబ్కమ్మ మడి పక్కన వంగి, ఒక వెన్నును బొటనవేలితో నొక్కి చూసింది. ఇంకొకటి నొక్కింది. గింజలేని పొల్లు. ఒకటి రెండింటిలో ఏదో గట్టిగా తగిలినట్టుంది.

"కోసివ్వమంటావా అమ్మా?" అన్నాడు పున్నారావు.

"ఇవి నాకెందుకు?" అంది ఆమె. వెళ్ళి గట్టు మీద కూర్చుంది. ఆయన ఎక్కడ కూర్చోవాలో తెలియక నిలబడి ఉంటే, ఎదురుగా నేల చూపించింది. కూర్చున్నాడు.

"ఆ రోజు పొద్దున వాడేం తిన్నాడు?"

పున్నారావు తడబడ్డాడు. "రొట్టె... ముందురోజు రొట్టె, టీలో ముంచుకుని. నువ్వు పంపిన ఆవకాయ అయిపోయిందని సీసాకి అంటుకున్న నూనె అద్దుకున్నాడు."

రిబ్కమ్మ పెదవులు బిగించుకుంది. "ఊఁ. ఆ తర్వాత?"

ఆయన చెప్పసాగాడు. బూట్ల తాళ్ళు, వైర్‌లెస్ సెట్టు బరువు, దారిలో రాయప్ప పాడిన పాట, టీ ఇచ్చిన ముసలమ్మకి వాడు తెలుగులో చెప్పిన కృతజ్ఞతలు. వరలక్ష్మి మంచినీళ్ళు తెచ్చి పక్కన పెట్టింది. ఎవరూ ముట్టుకోలేదు. ముసలమ్మ ఆగమన్న దగ్గరికి వచ్చి ఆయన ఆగిపోయాడు.

"అను" అంది రిబ్కమ్మ. "వాడితో ఎలా అన్నావో అలాగే అను. నేను వినాలి."

ఆయన అన్నాడు. ఆమె ఆ మాటను, చెంపదెబ్బ తిన్నట్టు, కళ్ళు మూసుకుని తీసుకుంది. కన్నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు. ఆమె క్షమిస్తుందో, శపిస్తుందో, అసలు ఎందుకొచ్చిందో వరలక్ష్మికి తెలియలేదు. బహుశా ఆమెకీ తెలియదు. తన కొడుకును ఆఖరిసారి చూసిన కళ్ళలో ఆమెకు అందేవి ఈయనవే. ఇంకెవరిని అడుగుతుంది?

గేటు దగ్గర సలోమోను చేయి ఊపాడు, రెడ్డిగూడెం బస్సు వస్తోందని. రిబ్కమ్మ అటు చూడను కూడా లేదు.

"తర్వాత?" అంది.